చివరి మడికి నీళ్లు అందకపోతే...

మీ ఇంట్లో 60 దాటిన వాళ్లకి ఎప్పుడైనా తల ఎమ్మారై తీయించారా? తీయించి ఉంటే ఆ రిపోర్ట్ ఫొటో ఒకసారి ఫోన్ గ్యాలరీలో వెతకండి. చివర్లో ఎక్కడో ఇలాంటి లైన్ ఒకటి ఉండే అవకాశం చాలా ఎక్కువ: 'క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్'. పక్కనే 'ఫజేకాస్ గ్రేడ్ 1' అనో, 'గ్రేడ్ 2' అనో ఉంటుంది.

ఆ లైన్ చూడగానే మన ఇళ్లల్లో రెండు రకాల రియాక్షన్లు వస్తాయి. ఒకటి: "ఏం కాదులే, వయసుతో వచ్చేదే." రెండోది: అర్ధరాత్రి దాకా నెట్‌లో వెతికి, తెల్లారేసరికి ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేయడం. మొదటివాళ్లు చెప్పేదాంట్లో సగం నిజం ఉంది. రెండోవాళ్ల భయంలో కూడా సగం నిజం ఉంది. ఈ వారం ఆ రెండు సగాల్ని కలిపి చూద్దాం.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాను. హైదరాబాద్‌లో కూర్చుని కోడ్ రాసుకునేవాణ్ని. కానీ ఈ లైన్ ఈ మధ్య మా ఇంట్లోకి కూడా వచ్చింది. అది ఏంటో తెలుసుకోకుండా ఉండలేని పరిస్థితి కూడా వచ్చింది. ఆ సంగతి తర్వాత. ముందు కాలువ దగ్గరికి పోదాం.

నిజాంసాగర్ నేర్పిన పాఠం

బోధన్ వైపు పుట్టినవాళ్లకి మెదడు రక్తనాళాల గురించి చెప్పడం చాలా తేలిక. నిజాంసాగర్ కాలువ చూపిస్తే చాలు. మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు అది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టారు. ఆ నీళ్లను నమ్ముకుని చెరకు వచ్చింది. ఆ చెరకును నమ్ముకుని బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. పెద్ద కాలువ నుంచి డిస్ట్రిబ్యూటరీ, దాన్నుంచి పిల్లకాలువ, అక్కణ్నుంచి మడి. కాలువ మొదట్లో ఉన్న రైతుకి నీళ్లకు కొదవుండదు. కష్టమంతా చివరి మడి రైతుదే. పైన ఎక్కడ పూడిక పడ్డా, ఎక్కడ గట్టు తెగినా, ముందు ఎండేది ఆ చివరి మడే.

మెదడులో కూడా అదే లెక్క. మన ఒంటి బరువులో మెదడు సుమారు 2 శాతం. కానీ ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం అదే తీసుకుంటుంది. మెడలో నుంచి పైకి పోయే నాలుగు పెద్ద రక్తనాళాలు ప్రధాన కాలువలు. వాటి కొమ్మల నుంచి వెంట్రుకలంత సన్నటి నాళాలు మెదడు లోతుల్లోకి దిగుతాయి. లోపల ఉన్న వైట్ మ్యాటర్, అంటే మెదడులో ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే వైరింగ్, ఈ సన్న నాళాల మీదే బతుకుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. చాలా చోట్ల ఒక నాళం తడిపే జాగాకి ఇంకో నాళం నుంచి నీళ్లు రావు. బ్యాకప్ లైన్ ఉండదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం.

ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ఈ సన్న నాళాల గోడలు మందమై, బిరుసెక్కుతాయి. దారి ఇరుకవుతుంది. గోడలు పాడైతే కొంచెం కొంచెంగా ఊట కూడా కారుతుంది. బీపీకి షుగర్, బీడీ సిగరెట్, వయసు తోడైతే ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. దీన్నే స్మాల్ వెసెల్ డిసీజ్ అంటారు. చిన్న రక్తనాళాల జబ్బు అనుకోండి. ప్రపంచంలో రక్తం అందక వచ్చే పక్షవాతాల్లో ఐదింట ఒకటి, కొన్ని లెక్కల్లో నాలుగింట ఒకటి, దీని వల్లే వస్తాయి. డిమెన్షియాకి కూడా ఇది పెద్ద కారణాల్లో ఒకటి.

కాలువ కనపడదు, ఎండిన మడి కనపడుతుంది

ఆ నాళాలు ఎంత సన్నగా ఉంటాయంటే, ఆసుపత్రుల్లో ఉండే మామూలు ఎమ్మారైలో అవి నేరుగా కనపడవు. కనపడేది వాటి వల్ల దెబ్బతిన్న చోటు. డాక్టర్లు మడిని చూసి కాలువ పరిస్థితి అంచనా వేస్తారన్నమాట. అందుకే వీటిని 'మార్కర్లు' అంటారు, అంటే గుర్తులు.

ఒకప్పుడు ఈ గుర్తులకి ఒక్కో డాక్టరు ఒక్కో పేరు పెట్టేవాడు. ఒకే వేరియబుల్‌కి పది మంది పది పేర్లు పెట్టిన కోడ్ ఊహించుకోండి. 2013లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని, 'స్ట్రైవ్' పేరుతో ఒకే భాష ఖాయం చేశారు. లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వేశారు. 2023లో దాన్ని అప్‌డేట్ చేశారు. మన రిపోర్టుల్లో కనిపించే గుర్తులు ఎక్కువగా ఈ ఆరే:

1. తెల్ల మచ్చలు. రిపోర్ట్‌లో 'వైట్ మ్యాటర్ హైపర్‌ఇంటెన్సిటీస్' అని రాస్తారు. ఫ్లెయిర్ అనే రకం స్కాన్‌లో మెదడు చుట్టూ ఉండే మామూలు నీరు నల్లగా అణగిపోతుంది. అప్పుడు దెబ్బతిన్న వైట్ మ్యాటర్ తెల్లగా పైకి తేలుతుంది. 1987లో ఫజేకాస్ బృందం దీనికి 0 నుంచి 3 దాకా కొలత పెట్టింది. లోపలి వైట్ మ్యాటర్‌లో విడివిడి చుక్కలైతే 1, చుక్కలు ఒకదాంతో ఒకటి కలవడం మొదలైతే 2, కలిసిపోయి పెద్ద మచ్చలైతే 3.

2. కొత్తగా ఎండిన చిన్న మడి. ఈ మధ్యే ఒక చిన్న నాళం మూసుకుపోతే డిఫ్యూజన్ స్కాన్‌లో బల్బులా వెలుగుతుంది. సైజు 20 మిల్లీమీటర్ల లోపు.

3. లాక్యూన్. పాత దెబ్బ మిగిల్చిన గుంట. 3 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటుంది, లోపల నీరు నిండి ఉంటుంది. కెనడాకు చెందిన న్యూరాలజిస్ట్ మిల్లర్ ఫిషర్ 1960లలో చనిపోయినవాళ్ల మెదళ్లను పరిశీలించి ఈ గుంటలకీ చిన్న నాళాలకీ సంబంధం వివరంగా రాశాడు. అప్పట్లో చనిపోయాక తెలిసేది. ఇప్పుడు బతికుండగానే కనపడుతోంది. అది చిన్న తేడా కాదు.

4. మైక్రోబ్లీడ్. ఒక చుక్క రక్తం బయటికి కారి, ఆ రక్తంలోని ఇనుము అక్కడే తుప్పులా మిగిలిపోవడం. ఎస్‌డబ్ల్యూఐ అనే స్కాన్‌లో నల్ల చుక్కలా కనపడుతుంది. లోతుల్లో ఉంటే బీపీ మీద అనుమానం. అంచుల్లోనే ఉంటే అమైలాయిడ్ అనే ప్రొటీన్ నాళాల గోడల్లో పేరుకుందేమో అని చూస్తారు.

5. నాళాల చుట్టూ వెడల్పైన ఖాళీ. సాధారణంగా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. కొన్ని ఉండటం మామూలే, చాలా ఉంటే గుర్తు.

6. మెదడు కుంచించుకుపోవడం. దీనికి వేరే కారణాలు కూడా ఉంటాయి కాబట్టి ఇదొక్కటే చూసి ఏమీ తేల్చరు.

సీటీ స్కాన్‌లో పెద్ద తెల్ల మార్పులు, కొన్ని గుంటలు తెలుస్తాయి గానీ, మైక్రోబ్లీడ్లు తెలియవు. ఏది తీయాలో డాక్టర్ చెప్తారు, మనం ప్యాకేజీ చూసి ఎంచుకునే సరుకు కాదిది.

మా ఫీల్డ్ వాళ్లకి ఒక ముక్క. ఈ తెల్ల మచ్చల్ని కంప్యూటర్‌తో గుర్తించి కొలిపించడానికి 2017లో అంతర్జాతీయంగా ఒక పోటీ పెట్టారు. డీప్ లెర్నింగ్ మోడళ్లు బాగానే చేశాయి. అయితే మోడల్ చెప్పేది 'ఇక్కడ ఇంత మచ్చ ఉంది' అని. 'ఈ మనిషి రేపు ఎలా ఉంటాడు' అన్నది మచ్చ సైజు ఒక్కదాంతో తేలదు. దానికి మనిషి దగ్గర కూర్చోవాలి.

పెద్దబాపు సంగతి

మా పెద్దబాపుకి 67 ఏళ్లు. బోధన్ దగ్గర ఊళ్లో వ్యవసాయం. ఒకప్పుడు చెరకు పండించాడు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరిలాగే వరికి మారాడు. ఏడాదిగా మనిషిలో ఏదో తేడా. నడక చిన్న చిన్న అడుగులైంది. ఏదైనా అడిగితే జవాబు ఆలస్యంగా వస్తోంది. ఇంతకుముందు నలుగురిలో ఆయనే మాట్లాడేవాడు, ఇప్పుడు మంచం మీద గమ్మున కూర్చుంటున్నాడు.

"ఎన్కటి లెక్క లేడు రా. ఏదడిగినా శానా సేపటికి జెప్తడు" అంది పెద్దమ్మ ఫోన్‌లో.

నిజామాబాద్‌లో ఎమ్మారై తీయించారు. రిపోర్ట్ ఫ్యామిలీ గ్రూప్‌లో పడింది. ఫజేకాస్ గ్రేడ్ 2, రెండు పాత లాక్యూన్లు. పక్షవాతం ఎప్పుడూ రాలేదు కదా, రెండు పాత దెబ్బలు ఎక్కణ్నుంచి వచ్చాయని అందరికీ అనుమానం. ఇదే ఈ జబ్బు తీరు. చాలా లాక్యూన్లు చప్పుడు లేకుండా వస్తాయి. సర్వర్ పడిపోదు, అలారం మోగదు. లాగ్ ఫైల్‌లో వార్నింగ్ లైన్లు మాత్రం పడుతూ ఉంటాయి. ఎవరూ తెరిచి చూడరు.

నేను వెళ్లినప్పుడు అడిగాను, "పెద్దబాపూ, బీపీ గోలీలు వేసుకుంటున్నవా?"

"బంద్ జేసిన రా. ఏడెనిమిది నెలలాయె. మొన్న జూపిచ్చుకుంటె నార్మల్ వచ్చింది గదా, ఇంకెందుకు?"

ఈ మాట తెలుగు ఊళ్లల్లో ఏ ఇంట్లోనైనా వినపడుతుంది. నార్మల్ వచ్చింది గోలీ వల్ల. గోలీ ఆపితే నార్మల్ కూడా పోతుంది. తూము తెరిచి ఉంచినందుకు మడి తడిసింది. మడి తడిసింది కదా అని తూము మూసేస్తే? రైతుకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పెద్దబాపు కూడా వెంటనే కాకపోయినా నవ్వాడు.

అదే రోజు ఇంట్లో ఇంకో చర్చ నడుస్తోంది. రోడ్డు పక్కన ఉన్న రెండెకరాలు అడుగుతూ ఒకాయన వచ్చి పోతున్నాడు. ధర బాగుంది. "పెద్దబాపూ, అమ్ముదమా, ఉంచుదమా?" అని అన్న అడిగాడు. పెద్దబాపు ఏదో అనేలోపు బావ అందుకున్నాడు. తర్వాత ఇంకొకరు. మాట ఎటో పోయింది. "ఆయనకు సమజ్ అయితలేదు, మనమే ఏదో ఒకటి తేల్చాలె" అని ఒకరు ఆయన ముందే అనేశారు కూడా.

పది నిమిషాల తర్వాత, చాయ్ వచ్చాక, పెద్దబాపు అన్నాడు: "పడమటి ఎకరం మీద బ్యాంకు లోను ఉన్నది. అది కట్టకుండ కాయితం మీద సంతకం ఎట్ల వెడ్తరు?"

గదిలో ఎవరికీ ఆ సంగతి గుర్తు లేదు. గుర్తున్నది ఆయన ఒక్కడికే.

నెమ్మదించడం వేరు, మర్చిపోవడం వేరు

ఈ జబ్బు గురించి నేను చదివిన వాటిలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఈ ముక్కే. అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు దెబ్బతినేది కొత్త విషయాల జ్ఞాపకం. పొద్దున ఏం తిన్నారో మర్చిపోతారు. చిన్న రక్తనాళాల జబ్బులో ఎక్కువగా ముందు తగ్గేది వేగం. వైరింగ్ దెబ్బతింటే డేటా పోదు, డేటా రావడానికి టైమ్ పడుతుంది. ప్లాన్ చేయడం, రెండు పనులు ఒకేసారి చూసుకోవడం, లెక్కలు చకచకా తేల్చడం కష్టమవుతాయి. నడక మారుతుంది. మూత్రం అర్జెంటుగా వస్తుంది. దేని మీదా ఆసక్తి లేనట్టు ఉంటారు. ఇంట్లో వాళ్లు దాన్ని బద్ధకం అనో, మొండితనం అనో, ఫ్యాక్టరీ మూతపడ్డ బాధ అనో అనుకుంటారు. చాలామందిలో రెండు జబ్బులూ కలిసి కూడా ఉంటాయి, అందుకే డాక్టర్ పరీక్ష తప్పదు.

మనకి వీడియోలు కూడా 1.5 స్పీడ్‌లో చూడటం అలవాటు. ప్రశ్న అడిగి రెండు సెకన్లలో జవాబు రాకపోతే 'అర్థం కాలేదు' అని మనమే డిసైడ్ చేస్తాం. నెమ్మదిగా ఆలోచించే మనిషిని ఆలోచన లేని మనిషిగా లెక్కేస్తాం. ఆస్తి, వైద్యం, ఎక్కడ ఉండాలి లాంటి నిర్ణయాల నుంచి పక్కకి తప్పిస్తాం. స్కాన్‌లోని తెల్ల మచ్చ కంటే ఇదే ముందు మనిషిని కుంగదీస్తుంది.

అలాగని కాగితాలు చేతిలో పెట్టి వదిలేయమని కాదు. డబ్బు విషయాల్లో ఇలాంటివాళ్లు మోసపోయే ప్రమాదం నిజంగానే ఉంది. మా ఇంట్లో ఇప్పుడు పెట్టుకున్న పద్ధతి ఇది: ఒకసారి ఒక్కటే ప్రశ్న. టీవీ బంద్. జవాబు వచ్చేదాకా ఎవరూ అందుకోవద్దు. పెద్ద విషయమైతే కాగితం మీద రాసి, ఒక రాత్రి గడిచాక మళ్లీ అడగాలి. సంతకం ఏదైనా నమ్మకస్తులు పక్కన ఉన్నప్పుడే. భూమి సంగతి లోను తేలేదాకా ఆగింది.

ఎంత భయపడాలి?

ఇప్పుడు లెక్కలు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 60 నుంచి 90 ఏళ్ల మధ్య ఉన్న 1,077 మందికి ఎమ్మారై తీసి చూస్తే, అసలు ఏ తెల్ల మచ్చా లేనివాళ్లు సుమారు 5 శాతమే. అంటే ఆ వయసులో ఒకటి రెండు చుక్కలు ఉండటం తెల్ల వెంట్రుకల్లాంటిదే. "వయసుతో వచ్చేదే" అన్నవాళ్ల సగం నిజం ఇది.

రెండో సగం: అన్ని మచ్చలూ ఒకటి కావు. 2010లో డెబెట్, మార్కస్ అనే ఇద్దరు పరిశోధకులు అంతకు ముందు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేశారు. మచ్చలు ఎక్కువ ఉన్నవాళ్లకి పక్షవాతం ప్రమాదం సుమారు 3 రెట్లు, డిమెన్షియా ప్రమాదం సుమారు 2 రెట్లు ఉందని తేలింది. ప్రమాదం అంటే జాతకం కాదు. గ్రేడ్ 2, 3 ఉన్నవాళ్లల్లో కూడా చాలామంది మామూలుగా బతుకుతున్నారు. కాకపోతే ఆ రిపోర్ట్‌ని బీరువాలో పడేసి మర్చిపోకూడదు.

పాతికేళ్ల వయసులో మైగ్రేన్ కోసం ఎమ్మారై తీయించుకుని, రెండు చుక్కలు చూసి కంగారుపడే ఫ్రెండ్స్ నాకు ఉన్నారు. మైగ్రేన్ ఉన్నవాళ్లల్లో అలాంటి చుక్కలు కనపడటం తెలిసిన విషయమే. తెల్ల మచ్చలకి బీ12 లోపం, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి వేరే కారణాలు కూడా ఉంటాయి. అరుదుగా నాచ్3 అనే జన్యువులో మార్పు వల్ల 'కడాసిల్' అనే వంశపారంపర్య జబ్బు వస్తుంది. ఇంట్లో తరతరాలుగా నలభై, యాభైల్లోనే పక్షవాతాలు వస్తుంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

చేతిలో ఉన్నదేంటి?

ఒక్క మాటలో బీపీ. అమెరికాలో స్ప్రింట్ అనే పెద్ద ట్రయల్ జరిగింది. 50 దాటిన 9,361 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి పై బీపీ 140 లోపు, ఇంకో గుంపుకి 120 లోపు ఉంచాలని లక్ష్యం. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం, 120 లక్ష్యం పెట్టుకున్న గుంపులో స్వల్ప మతిమరుపు దశకి చేరినవాళ్లు 19 శాతం తక్కువ. రెండుసార్లు ఎమ్మారై తీసిన 449 మందిలో, దాదాపు నాలుగేళ్లలో తెల్ల మచ్చలు ఒక గుంపులో 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగితే, మామూలు లక్ష్యం గుంపులో 1.45 పెరిగాయి. మచ్చలు మాయం కాలేదు, పెరగడం నెమ్మదించింది. గోలీ చేసే పని అదే.

ఇక్కడ మన వైపు వాళ్లకి ఒక హెచ్చరిక. ఆ ట్రయల్‌లో షుగర్ ఉన్నవాళ్లని తీసుకోలేదు. బోధన్‌లో షుగర్ అంటే ఒకప్పుడు ఫ్యాక్టరీ, ఇప్పుడు ఇంటింటా జబ్బు. కాబట్టి 120 అనే నంబర్ పట్టుకుని సొంతంగా డోస్ పెంచొద్దు. పెద్దవాళ్లలో బీపీ మరీ తగ్గితే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడతారు. ఎవరికి ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి.

అలాగే, తెల్ల మచ్చలు కనపడ్డాయి కదా అని మెడికల్ షాపులో అడిగి ఆస్పిరిన్ మొదలుపెట్టడం కూడా వద్దు. పక్షవాతం రాకుండా, స్కాన్‌లో మాత్రమే మచ్చలు ఉన్నవాళ్లకి ఆ ఒక్క కారణంతో ఆస్పిరిన్ లాంటివి ఇవ్వొద్దనే యూరోపియన్ స్ట్రోక్ ఆర్గనైజేషన్ 2021 మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఇప్పటికే గుండె కోసమో, పక్షవాతం కోసమో వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో సుమారు 26 శాతానికి, మగవాళ్లలో సుమారు 31 శాతానికి బీపీ ఎక్కువ ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. 2017లో దేశంలో మొదలైన హైపర్‌టెన్షన్ కంట్రోల్ కార్యక్రమంలో మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. సర్కారు దవాఖానల్లో బీపీ గోలీలు ఉచితంగా ఇస్తారు. గోలీ ఖరీదు చాలామందికి సమస్య కాదు. 'మంచిగనే ఉన్న గదా' అన్న నమ్మకమే సమస్య.

మిగతావి కూడా మనకి తెలిసినవే. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు ఉంచమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక టీస్పూన్, పచ్చడి, అప్పడం, మిక్చర్ అన్నీ కలిపి. బీడీ ఆపాలి. నడవాలి. షుగర్ అదుపులో పెట్టుకోవాలి.

మన నేల మీద తేలిన ఇంకో సంగతి

ఒకేలాంటి స్కాన్ ఉన్న ఇద్దరు మనుషులు ఒకేలా ఉండరు. ఎందుకు? ఈ ప్రశ్నకి ఒక జవాబు మన హైదరాబాద్ నుంచే ప్రపంచానికి వెళ్లింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. రక్తనాళాల వల్ల వచ్చే డిమెన్షియాలో ఆ తేడా 3.7 ఏళ్లు. బడికి పోనివాళ్లలో కూడా ఈ తేడా కనపడింది. 2016లో నిమ్స్ స్ట్రోక్ రిజిస్ట్రీలోని 608 మంది మీద ఇంకో అధ్యయనం వచ్చింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక భాషవాళ్లలో 19.6 శాతం.

ఇది చూసి భాష నేర్పే యాప్ డౌన్‌లోడ్ చేసుకుని గోలీలు మానేయకండి. ఇవి పరిశీలనలు, మందు పరీక్షలు కావు. భాష వల్ల స్కాన్‌లో మచ్చలు చెరిగిపోతాయని ఎవరూ చెప్పలేదు. మెదడుకి అదనంగా కొన్ని దారులు ఉంటే, ఒక దారి మూసుకున్నా ఇంకో దారిలో పని నడుస్తుందేమో అన్నది ఆలోచన.

కానీ మా జిల్లా గురించి ఆలోచిస్తే ముచ్చటేస్తుంది. ఇంట్లో తెలుగు, బోధన్ బజార్‌లో ఉర్దూ, ధర్మాబాద్ మార్కెట్‌కి పోతే మరాఠీ. మా పెద్దబాపు ఏడో తరగతి దాటలేదు, మూడు భాషల్లో బేరం ఆడతాడు. దాన్ని మేమెవరం ఎప్పుడూ చదువు అనుకోలేదు. రెండుకు మించి భాషలు వస్తే అదనపు లాభమేమీ ఆ అధ్యయనంలో కనపడలేదు గానీ, ఆయన్ని మంచం మీద గమ్మున కూర్చోబెట్టడం కంటే, నెమ్మదిగానైనా మార్కెట్‌కి తీసుకుపోయి నలుగురితో మాట్లాడనివ్వడం మంచిదని మాత్రం మా ఇంట్లో అందరం ఒప్పుకున్నాం.

ఈసారి ఊరికి పోయినప్పుడు

స్కాన్ రిపోర్ట్ ఉంటే డాక్టర్‌ని అడగాల్సినవి ఫోన్‌లో నోట్ చేసుకోండి. మచ్చలు ఏ గ్రేడ్? లాక్యూన్లు ఉన్నాయా, ఎన్ని? మైక్రోబ్లీడ్లు ఉన్నాయా, ఎస్‌డబ్ల్యూఐ తీశారా? ఈ మనిషికి బీపీ ఎంత ఉండాలి? నడక, మూత్రం, మూడ్‌లో మార్పులు దీని వల్లేనా? సీడీ, ఫిల్మ్ పారేయొద్దు. రేపు ఇంకో స్కాన్ తీస్తే పోల్చడానికి అదే ఆధారం.

స్కాన్ లేకపోతే దాని కోసం పరుగెత్తక్కర్లేదు. ముందు బీపీ చూడండి. అరగంట ముందు నుంచి చాయ్, బీడీ లేకుండా, ఐదు నిమిషాలు గమ్మున కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, రెండుసార్లు చూడండి. నంబర్లు రాసి పెట్టండి. ఒక్క రీడింగ్‌తో ఏదీ తేల్చకండి.

మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి పడిపోవడం, మాట తడబడటం అకస్మాత్తుగా జరిగితే మాత్రం ఇదంతా చదువుతూ కూర్చోవద్దు. వెంటనే 108. గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి టైమ్ నాలుగున్నర గంటలే, అది కూడా ఎంత ముందైతే అంత మంచిది.

మన అమ్మానాన్నల తరం కాలువ గట్లు కాపలా కాసింది, రాత్రిళ్లు లాంతరు పట్టుకుని చివరి మడి దాకా నడిచింది. ఇప్పుడు వాళ్ల లోపల ఉన్న కాలువ సంగతి చూసుకోవడం మన వంతు. గోలీ వేసుకున్నారా అని రోజూ ఒక ఫోన్ కొట్టండి. అడిగాక, జవాబు వచ్చేదాకా లైన్‌లోనే ఉండండి.